మూలం, రూపం, ప్రవాహం: జావా – ఎక్స్‌ఎంఎల్ ఆధారిత ఓపెన్ సోర్స్ విషయ నిర్వహణ వ్యవస్థల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

అంతర్జాలంలో ప్రచురించే పాఠాన్ని దాని దృశ్యరూపం నుంచి వేరుచేసి భద్రపరచాలన్న ఆలోచన 1998 తరువాతి దశాబ్దంలో అనేక ఓపెన్ సోర్స్ వ్యవస్థల నిర్మాణానికి దారితీసింది. జావా భాష, ఎక్స్‌ఎంఎల్ గుర్తింపు పద్ధతి ఈ వ్యవస్థలకు ఆధారాలు. వీటిలో కొకూన్, లెన్యా, డెయిజీ, ఓపెన్‌సీఎంఎస్, మాగ్నోలియా, డిస్పేస్ ముఖ్యమైనవి. వీటి ఆవిర్భావ వికాసాలను, కొన్నిటి విరమణను కాలక్రమంలో వివరించి, సాఫ్ట్‌వేర్ ఆయుర్దాయానికీ పాఠం ఆయుర్దాయానికీ మధ్య ఉన్న తేడాను నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ తేడా తెలుగు పరిశోధన గ్రంథాల భద్రతకు ఎలా వర్తిస్తుందో చివరి భాగంలో చర్చించడమైంది.

కీలక పదాలు: విషయ నిర్వహణ, ఎక్స్‌ఎంఎల్, జావా, ఓపెన్ సోర్స్, కొకూన్, లెన్యా, డిస్పేస్, శోధ్‌గంగా, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

ఒకే పద్యం తాటాకు మీద గంటంతో రాసినా, కాగితం మీద కలంతో ఎత్తి రాసినా, అచ్చులో కూర్చినా పద్యంగా మారదు. అక్షరాల ఒడ్డూ పొడుగూ, పుటకు పట్టే పంక్తుల సంఖ్య, అంచుల విడుపు మారవచ్చు. పాఠపరిష్కర్తలు ‘మూలం’, ‘ప్రతి’ అనే రెండు మాటలను వేర్వేరుగా వాడటంలో ఈ ఎరుక ఉంది. సి.పి. బ్రౌన్ పండితులను నియమించి ప్రతులను సేకరింపజేసి, పాఠాలను సరిపోల్చి, సాపుప్రతులు రాయించిన పద్ధతికి కూడా ఆధారం ఇదే.

తొలినాటి అంతర్జాల పుటలో ఈ విభజన లేదు. వార్తలోని వాక్యం, దాని అక్షర పరిమాణం, రంగు, పుటలోని స్థానం అన్నీ ఒకే దస్త్రంలో కలగలిసి ఉండేవి. పుట రూపం మార్చాలంటే వేలాది దస్త్రాలను తిరిగి దిద్దవలసి వచ్చేది. అదే పాఠాన్ని ముద్రణకు, చరవాణికి, మరో సంస్థకు పంపడానికి మళ్ళీ మొదటి నుంచి కూర్చవలసి వచ్చేది. ఈ ఇబ్బందికి పరిష్కారంగా ఏర్పడినవే విషయ నిర్వహణ వ్యవస్థలు. పాఠాన్ని రాయడం, సమీక్షించడం, ఆమోదించడం, ప్రచురించడం, భద్రపరచడం అనే పనులను ఒక క్రమంలో నడిపే సాఫ్ట్‌వేర్‌కు ఈ పేరు స్థిరపడింది.

ఈ కోవలో జావా, ఎక్స్‌ఎంఎల్ ఆధారంగా నిర్మితమైన ఓపెన్ సోర్స్ వ్యవస్థలది ప్రత్యేకమైన స్థానం. పాఠాన్నీ రూపాన్నీ సిద్ధాంతరీత్యా వేరు చేయడానికి అవి పూనుకొన్నాయి. ఆ సిద్ధాంతం నెగ్గింది. దాన్ని ఆచరణలో పెట్టిన వ్యవస్థలలో పెక్కు మాత్రం కాలగతిలో మరుగున పడ్డాయి. ఈ వైరుధ్యానికి కారణాలను అన్వేషించడం ప్రస్తుత పరిశీలనకు ప్రధాన విషయం.

2. పూర్వరంగం

పాఠంలోని భాగాలను అవి కనిపించే తీరును బట్టి కాక, అవి ఏమిటన్న దాన్ని బట్టి గుర్తించాలన్న ఆలోచన అంతర్జాలం కంటే పాతది. 1969లో ఐబీఎం సంస్థలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ కలిసి జీఎంఎల్ అనే గుర్తింపు భాషను రూపొందించారు. ఒక పంక్తిని ‘పెద్ద అక్షరాలలో, మధ్యలో’ అని సూచించడానికి బదులు ‘అధ్యాయ శీర్షిక’ అని సూచించడం దాని సారం. శీర్షిక ఎలా కనిపించాలో తరువాతి దశలో నిర్ణయించుకోవచ్చు. ఈ ఆలోచనే విస్తరించి 1986లో ఎస్‌జీఎంఎల్ అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. ప్రచురణ సంస్థలు, ప్రభుత్వ విభాగాలు దాన్ని ఆదరించినా, దాని నియమాల జటిలత్వం సామాన్య వినియోగానికి అడ్డయింది.

ఎస్‌జీఎంఎల్‌ను సరళీకరించి అంతర్జాలానికి అనువుగా మలచిన రూపమే ఎక్స్‌ఎంఎల్. టిమ్ బ్రే, జాన్ పావొలీ, సీ.ఎం. స్పెర్‌బర్గ్-మెక్వీన్ సంపాదకత్వంలో దాని తొలి ప్రమాణం 1998 ఫిబ్రవరి 10న వెలువడింది. ఆ నెలలోనే ‘ఓపెన్ సోర్స్’ అనే పదబంధం వాడుకలోకి వచ్చింది. నెట్‌స్కేప్ సంస్థ తన విహరిణి మూలసంకేతాన్ని బహిరంగపరుస్తానని అంతకు ముందు నెలలో ప్రకటించి ఉంది. పాఠాన్ని ఏ ఒక్క సంస్థకూ బందీ కానీయని రూపం, సాఫ్ట్‌వేర్‌ను ఏ ఒక్క సంస్థకూ బందీ కానీయని అనుమతి పద్ధతి ఇలా ఒకే కాలంలో ముందుకు వచ్చాయి.

జావా భాషను సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో విడుదల చేసింది. ఒకసారి రాసిన ప్రోగ్రామును వేర్వేరు యంత్రాలపై నడపగలగడం దాని ప్రధాన గుణం. దీనికి తోడు జావాలో అక్షరాల నిల్వ మొదటి నుంచీ యూనికోడ్‌పై ఆధారపడింది. ఎక్స్‌ఎంఎల్‌ను చదివే ప్రతి సాధనం యూనికోడ్ రూపాలైన యూటీఎఫ్-8, యూటీఎఫ్-16లను తప్పక స్వీకరించాలని ఆ ప్రమాణం విధించింది. అక్షరాల విషయంలో రెండింటికీ పునాది ఒకటే కావడం వల్ల వాటి కలయిక సహజంగా కుదిరింది.

3. కొకూన్: ఒక చిన్న అవసరం నుంచి

1999లో అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ లాభాపేక్ష లేని సంస్థగా నమోదైంది. అప్పటికే జావా అపాచీ పేరుతో స్వచ్ఛంద రచయితల బృందం ఒకటి పనిచేస్తూ ఉంది. ఆ బృందం తయారుచేసిన ఉపకరణాల పత్రావళి పలువురి చేతుల్లో పలు రీతులుగా పెరిగి, ఏకరూపత లేకుండా పోయింది. బృంద సభ్యుడైన ఇటలీ యువకుడు స్టెఫానో మజోకీ దీనికి పరిష్కారం వెదుకుతూ, ఎక్స్‌ఎంఎల్‌లో రాసిన పత్రాన్ని శైలి నియమాల సహాయంతో అంతర్జాల పుటగా మార్చే చిన్న ప్రోగ్రామును రాశాడు. 1999 ఆరంభంలో వెలుగు చూసిన ఆ ప్రోగ్రాముకు ‘కొకూన్’ అని పేరు. పట్టుగూడు అని ఆ మాటకు అర్థమైనా, 1985లో వచ్చిన ఒక అమెరికన్ చలనచిత్రం పేరు దీనికి ప్రేరణ.

అదే ఏడాది నవంబరులో రెండు ముఖ్య పరిణామాలు జరిగాయి. ఎక్స్‌ఎంఎల్ పత్రాన్ని ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ భాష ప్రమాణంగా స్థిరపడింది. ఎక్స్‌ఎంఎల్ ఉపకరణాల కోసం అపాచీ ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. ఎక్స్‌ఎంఎల్‌ను చదివే జెర్సిస్, రూపాంతరీకరించే జాలన్, ముద్రణయోగ్యమైన పీడీఎఫ్‌ను తయారుచేసే ఎఫ్‌ఓపీ ఆ విభాగంలో చేరాయి. పెద్ద సంస్థలు సొంత ఖర్చుతో రాయించుకొన్న సంకేతాన్ని కూడా ఇక్కడికి దానంగా ఇచ్చాయి. కొకూన్ ఈ ఉపకరణాలన్నిటినీ ఒక వరుసలో కూర్చే చట్రంగా రూపొందింది.

కొకూన్ తొలి రూపానికి రెండు పరిమితులు ఉండేవి. మొదటిది, ప్రతి పత్రాన్నీ ఒక వృక్షంగా మార్చి మొత్తంగా జ్ఞాపకంలో ఉంచుకోవడం. పత్రం పెద్దదయ్యే కొద్దీ యంత్రంపై భారం పెరిగేది. రెండవది, పత్రాన్ని ఎలా సంస్కరించాలో తెలిపే ఆదేశాలు ఆ పత్రం లోపలే ఉండటం. పాఠాన్ని రూపం నుంచి విడదీయడానికి పుట్టిన వ్యవస్థలో పాఠం తన రూపాన్ని తానే పేర్కొనవలసి రావడం సిద్ధాంతానికి విరుద్ధం. ఈ లోపాన్ని గుర్తించిన రచయితలు ఉన్నదాన్ని అతుకులతో సరిదిద్దక, మొత్తం వ్యవస్థను తిరిగి నిర్మించడానికి సిద్ధపడ్డారు.

4. కొకూన్ రెండవ దశ: పైప్‌లైన్, సైట్‌మ్యాప్

2001 నవంబరులో విడుదలైన కొకూన్ 2.0లో పాఠం వృక్షంగా నిలిచి ఉండదు, ప్రవాహంగా సాగుతుంది. 1998లో ఎక్స్‌ఎంఎల్ రచయితల చర్చల నుంచి రూపుదిద్దుకొన్న శాక్స్ పద్ధతి దీనికి ఆధారం. పత్రాన్ని చదువుతూ పోతుంటే ‘శీర్షిక మొదలైంది’, ‘అక్షరాలు వచ్చాయి’, ‘శీర్షిక ముగిసింది’ అన్న సంకేతాలు వరుసగా వెలువడతాయి. ఒక దశ వాటిని అందుకొని, అవసరమైన మార్పు చేసి, తరువాతి దశకు అందిస్తుంది. చేను నుంచి చేనుకు పారే కాలువ నీటి వంటిది ఈ ఏర్పాటు. దీనికే పైప్‌లైన్ అని పేరు.

ప్రతి పైప్‌లైన్‌లో మూడు రకాల భాగాలు ఉంటాయి. జనరేటర్ మూలపాఠాన్ని తెచ్చి ప్రవాహాన్ని ఆరంభిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మారుస్తుంది. ఇవి ఒకదాని వెంట ఒకటిగా ఎన్నైనా ఉండవచ్చు. సీరియలైజర్ చివరి రూపాన్ని వెలువరిస్తుంది. మూలం ఒకటే అయినా, ఒక సీరియలైజర్ అంతర్జాల పుటను, మరొకటి పీడీఎఫ్‌ను, ఇంకొకటి ఆనాటి చరవాణులకు తగిన డబ్ల్యూఎంఎల్ పుటను ఇవ్వగలిగేవి. పాఠకుడు కోరిన చిరునామాకు ఏ పైప్‌లైన్ నడవాలో నిర్ణయించే పట్టిక సైట్‌మ్యాప్. అది కూడా ఎక్స్‌ఎంఎల్‌లో రాసిన విడి పత్రమే. తొలి రూపంలో పాఠం లోపల దాగిన ఆదేశాలు ఈ విధంగా వెలుపలికి వచ్చాయి.

ఈ నిర్మాణం వెనుక మజోకీ ప్రతిపాదించిన ఒక భావన ఉంది. అంతర్జాల ప్రచురణలో నిర్వహణ, విషయం, తర్కం, శైలి అని నాలుగు రంగాలు ఉంటాయి. నిర్వహణకు మిగిలిన మూడింటితోనూ సంబంధం ఉంటుంది. విషయానికి తర్కంతోనూ శైలితోనూ సంబంధం ఉంటుంది. తర్కానికీ శైలికీ మధ్య మాత్రం నేరుగా ఏ ఒప్పందమూ ఉండరాదు. ప్రోగ్రాము రాసేవారు రంగుల జోలికి, రూపశిల్పి ప్రోగ్రాము జోలికి పోవలసిన అవసరం కలగకూడదన్నది దీని సారాంశం. పైకి సాంకేతిక ప్రతిపాదనగా కనిపించినా, కార్యాలయంలో ఎవరి పని ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించే శ్రమవిభజన సూత్రం ఇది. విలేఖరి, సంపాదకుడు, రూపశిల్పి, ప్రోగ్రామర్ ఒకరి కోసం ఒకరు ఆగకుండా పనిచేయగల ఏర్పాటును ఇది ఆశించింది.

2003లో కొకూన్ అపాచీలో స్వతంత్ర ప్రాజెక్టు హోదా పొందింది. అదే ఏడాది వెలువడిన 2.1 రూపంలో పత్రాల పూరణకు, బహుదశల సంభాషణలకు తగిన సౌకర్యాలు చేరాయి. పత్రావళి ప్రచురణ కోసం దీని ఆధారంగా ఫారెస్ట్ అనే మరొక అపాచీ ప్రాజెక్టు వెలిసింది. ఈ దశను కొకూన్ చరిత్రలో ఉచ్చస్థితిగా భావించవచ్చు.

5. లెన్యా: పత్రికా కార్యాలయంలో పరీక్ష

కొకూన్ స్వయంగా విషయ నిర్వహణ వ్యవస్థ కాదు. అటువంటి వ్యవస్థను కట్టుకోవడానికి తగిన చట్రం. ఆ పని చేసిన వాటిలో ముఖ్యమైనది లెన్యా. స్విట్జర్లాండుకు చెందిన మైఖేల్ వెక్నర్ భౌతికశాస్త్ర పరిశోధన నేపథ్యం ఉన్నవాడు. ఆకృతుల ఏర్పాటుకు సంబంధించిన ఒక పరిశోధన పత్రికను నిర్వహించడానికి 1999లో ఆయన ఈ సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టాడు. తరువాత వయోనా అనే సంస్థ ద్వారా, 1780 నుంచి వెలువడుతున్న జూరిక్ దినపత్రిక నోయె జ్యూర్‌షెర్ జైటుంగ్ అవసరాలకు దాన్ని విస్తరించాడు. 2003లో ఆ సంస్థ దాన్ని అపాచీకి దానం చేసింది. అప్పుడు పెట్టిన లెన్యా అనే పేరు వెక్నర్ ఇద్దరు కుమారుల పేర్ల కలయిక. 2004 సెప్టెంబరులో అది అపాచీలో స్వతంత్ర ప్రాజెక్టు అయింది.

లెన్యా నిర్మాణంలో పత్రికా కార్యాలయపు అలవాట్లు స్పష్టంగా కనిపిస్తాయి. రచనా ప్రాంతం వేరు, పాఠకులకు కనిపించే ప్రాంతం వేరు. రచయిత రాసినది సమీక్షకు పంపాలి. సమీక్షకుడు ఆమోదించాలి లేదా తిప్పి పంపాలి. ఆమోదం పొందినది మాత్రమే రెండవ ప్రాంతంలోకి చేరుతుంది. ఈ క్రమాన్ని కూడా ఎక్స్‌ఎంఎల్ పత్రంలోనే నిర్వచించుకొనే వీలు ఉండేది. ప్రతి పత్రం పాత రూపాలు భద్రంగా ఉండేవి. వ్యాసంలో శీర్షిక ఉండి తీరాలి, రచయిత పేరు లేకుండా వ్యాసం ఉండరాదు వంటి నియమాలను యంత్రమే తనిఖీ చేసేది.

సిద్ధాంతానికీ అలవాటుకూ మధ్య ఘర్షణ కూడా ఇక్కడే బయటపడింది. పాఠాన్ని గుర్తింపులతో రాయడం సంపాదకులకు అలవాటైన పని కాదు. టైపు చేస్తున్నప్పుడే అక్షరాలు బొద్దుగా, ఏటవాలుగా కనిపించాలని వారు కోరుకొన్నారు. విహరిణి లోపల పనిచేసే దృశ్య సంపాదకాలను లెన్యా చేర్చుకొంది. అయితే కంటికి కనిపించే రూపాన్ని బట్టి రాసే పద్ధతి, అర్థాన్ని బట్టి గుర్తించే పద్ధతి పరస్పరం విరుద్ధమైనవి. ఒక మాటను బొద్దుగా చేసిన సంపాదకుని ఉద్దేశం గ్రంథనామాన్ని సూచించడమా, ఒత్తి చెప్పడమా అన్నది యంత్రానికి తెలియదు. ఈ చిక్కు లెన్యాకు పరిమితమైనది కాదు. రూపాన్ని పాఠం నుంచి విడదీయబూనిన ప్రతి వ్యవస్థా దీన్ని ఎదుర్కొంది.

6. సమకాలిక వ్యవస్థలు

యూరప్‌లోని చిన్న సంస్థలు ఇదే కాలంలో సమాంతర మార్గాలు తొక్కాయి. బెల్జియంలోని గెంట్ నగరానికి చెందిన ఔటర్‌థాట్ సంస్థ 2004లో డెయిజీని విడుదల చేసింది. పత్రాల భాండాగారం ఒక సర్వర్‌గా, పాఠకులకు కనిపించే భాగం కొకూన్‌పై ఆధారపడిన వేరొక సర్వర్‌గా అందులో ఉండేవి. రెండింటి మధ్య సంభాషణ ఎక్స్‌ఎంఎల్‌లో సాగేది. ఆమ్‌స్టర్‌డామ్‌లో హిప్పో సంస్థ నిర్మించిన వ్యవస్థ తొలి దశలో కొకూన్‌ను ఆశ్రయించి, తరువాత వేరే పునాదికి మారింది.

జర్మనీలోని ఓపెన్‌సీఎంఎస్ 2000 నుంచి ఓపెన్ సోర్స్‌గా వెలువడుతోంది. కొలోన్ నగరానికి చెందిన అల్కాకాన్ సంస్థ దాన్ని పోషిస్తోంది. అది కొకూన్ మార్గాన్ని అనుసరించలేదు. పుటలను వెలువరించడానికి జావాలోనే ఉన్న జేఎస్‌పీ పద్ధతిని వాడి, పాఠాన్ని మాత్రం ఎక్స్‌ఎంఎల్‌గా నిల్వచేసింది. మొత్తం ప్రక్రియను ఎక్స్‌ఎంఎల్‌మయం చేయకుండా నిల్వకు మాత్రమే దాన్ని వాడటం వల్ల నేర్చుకొనే వారికి భారం తగ్గింది.

మరో మార్గం స్విట్జర్లాండులోని బాసెల్‌లో రూపుదిద్దుకొంది. ఒక్కొక్క వ్యవస్థ ఒక్కొక్క రీతిలో పాఠాన్ని దాస్తే ఒకదాని నుంచి మరొకదానికి మారడం దుర్లభం. ఈ సమస్యకు పరిష్కారంగా డే సాఫ్ట్‌వేర్‌కు చెందిన డేవిడ్ న్యూషెలర్ నాయకత్వంలో జేసీఆర్ అనే భాండాగార ప్రమాణం తయారై 2005లో ఆమోదం పొందింది. పాఠాన్ని కొమ్మలు రెమ్మలుగా నిల్వ చేయడం, దాన్ని ఎక్స్‌ఎంఎల్‌గా ఎగుమతి, దిగుమతి చేసుకోగలగడం ఈ ప్రమాణంలో భాగాలు. దీనికి ఓపెన్ సోర్స్ ఆచరణ రూపం అపాచీ జాక్‌రాబిట్. బాసెల్‌లోనే 2003లో మొదలైన మాగ్నోలియా ఈ ప్రమాణాన్ని ఆధారం చేసుకొంది. హిప్పో కూడా ఇటే మళ్ళింది. 2010లో అడోబీ సంస్థ డే సాఫ్ట్‌వేర్‌ను కొనుగోలు చేసింది. ఆ తరువాత కూడా జాక్‌రాబిట్ అపాచీలో బహిరంగంగానే కొనసాగడం ఓపెన్ సోర్స్ అనుమతి విలువకు నిదర్శనం.

7. క్షీణతకు కారణాలు

లెన్యాను అపాచీ 2015లో విరమించింది. ఫారెస్ట్ 2020లో అదే దారి పట్టింది. అపాచీలో చురుకుదనం కోల్పోయిన ప్రాజెక్టులను ‘అటక’ అనే విభాగానికి తరలిస్తారు. తెలుగు ఇళ్లలో వాడకం తగ్గిన సామాను అటకెక్కించినట్లే ఇదీను; పారవేయరు, వాడరు. సంకేతం చదవడానికి అందుబాటులో ఉంటుంది, దిద్దేవారు ఉండరు. ఈ పరిణామానికి నాలుగు కారణాలను పేర్కొనవచ్చు.

మొదటిది ఆతిథ్య వ్యయం. జావా వ్యవస్థ నడవడానికి ప్రత్యేకమైన సర్వర్, తగినంత జ్ఞాపకశక్తి, దాన్ని కనిపెట్టి ఉండే మనిషి కావాలి. 2001లో మొదలైన ద్రూపల్, 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ వంటి పీహెచ్‌పీ వ్యవస్థలు చవకైన ఉమ్మడి సర్వర్లపై నడిచాయి. చిన్న పత్రికలు, సంఘాలు, వ్యక్తులు సహజంగా వాటివైపు మొగ్గారు.

రెండవది అభ్యాస భారం. సైట్‌మ్యాప్‌ను, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని, కొకూన్‌కు ప్రత్యేకమైన ఉపభాషలను నేర్చుకొంటే గాని ఒక సామాన్య మార్పు చేయడానికి వీలుండేది కాదు. నలుగురి పనులను విడదీయడానికి ఉద్దేశించిన వ్యవస్థను నడపడానికి ఆ నాలుగు విద్యలూ తెలిసిన ఒక్కరే అవసరమయ్యారు.

మూడవది పునాదుల అస్థిరత. కొకూన్ 2 ఆధారపడిన అవలాన్ అనే అపాచీ ప్రాజెక్టు 2004లో మూతపడింది. 2008లో వచ్చిన కొకూన్ 2.2 కొత్త పునాదులకు మారింది. పాత రూపంపై వ్యవస్థలు కట్టుకొన్నవారికి ఈ మార్పు ఇల్లు కూల్చి కట్టుకోవడం వంటిదే. చాలామంది పాత రూపం వద్దనే ఆగిపోయారు.

నాలుగవది రూపాంతరీకరణ జరిగే చోటు మారడం. 2005లో అజాక్స్ అనే పేరు పొందిన పద్ధతితో పుటను కూర్చే పనిలో కొంత భాగం సర్వర్ నుంచి విహరిణికి తరలింది. ఆ పేరులోని చివరి అక్షరం ఎక్స్‌ఎంఎల్‌కు గుర్తు. ఆచరణలో మాత్రం ఆ స్థానాన్ని తేలికైన జేసన్ ఆక్రమించింది. సర్వర్‌లో పైప్‌లైన్ చేసే పనికి ప్రాధాన్యం తగ్గింది.

ఈ కారణాలలో ఏ ఒక్కటీ మూల సిద్ధాంతాన్ని ఖండించేది కాదన్నది గమనార్హం. పాఠాన్ని రూపరహితంగా ఒకచోట ఉంచి, ఎవరికి కావలసిన రూపంలో వారు తీసుకొనే ఏర్పాటు నేటి వ్యవస్థలలో సామాన్యమైంది. డెయిజీలో భాండాగారాన్నీ ప్రదర్శననూ వేరుచేసిన తీరు దీనికి పూర్వరూపమే.

8. విశ్వవిద్యాలయ భాండాగారం: డిస్పేస్

ఈ చరిత్రలో భారతీయ విశ్వవిద్యాలయాలకు నేరుగా సంబంధించిన ఘట్టం డిస్పేస్. ఎంఐటీ గ్రంథాలయాలు, హ్యూలెట్-ప్యాకర్డ్ పరిశోధనశాల కలిసి దీన్ని నిర్మించి 2002 నవంబరులో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశాయి. విశ్వవిద్యాలయంలో వెలువడే వ్యాసాలను, పరిశోధన గ్రంథాలను సేకరించి దీర్ఘకాలం భద్రపరచడం దీని లక్ష్యం. జావాలో రాసిన ఈ వ్యవస్థ తన వద్ద ఉన్న గ్రంథ వివరాలను ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఇతర భాండాగారాలతో పంచుకోగలదు.

టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ గ్రంథాలయం దీనికి మానకిన్ అనే కొత్త ప్రదర్శన భాగాన్ని తయారుచేసింది. దాని పునాది కొకూన్. భాండాగారంలోని ప్రతి పుట ముందుగా ఎక్స్‌ఎంఎల్‌గా తయారై, విభాగానికి ఒక తీరున శైలి నియమాల ద్వారా రూపం ధరిస్తుంది. 2008లో డిస్పేస్ 1.5తో ఇది ప్రధాన పంపిణీలో చేరింది. పత్రికా కార్యాలయాల నుంచి కొకూన్ తప్పుకొంటున్న కాలంలోనే గ్రంథాలయాలలో దానికి మరో దశాబ్దపు ఆయుష్షు లభించింది. 2021లో వెలువడిన డిస్పేస్ 7 ఈ భాగాన్నీ, అంతకు పూర్వపు జేఎస్‌పీ భాగాన్నీ తొలగించి విహరిణి ఆధారిత ప్రదర్శనను ప్రవేశపెట్టింది. భాండాగారం మాత్రం జావాలోనే కొనసాగింది. ముఖద్వారం మారినా లోపలి గ్రంథాలు చెక్కుచెదరలేదు. పాఠాన్నీ రూపాన్నీ వేరుగా ఉంచితే కలిగే ప్రయోజనానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో జారీచేసిన నిబంధనల ప్రకారం పిహెచ్.డి. గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పించడం తప్పనిసరి అయింది. వాటికోసం గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహిస్తున్న శోధ్‌గంగా డిస్పేస్‌పై నిర్మితమైనదే. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, హైదరాబాదు విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలు అందులో చేరాయి.

9. తెలుగు పాఠం: యంత్రానికి అందని మూలం

ఎక్స్‌ఎంఎల్ తెలుగును వెలుపల ఉంచిన ప్రమాణం కాదు. యూనికోడ్ 1991 నాటి తొలి రూపంలోనే తెలుగు లిపికి చోటు దక్కింది. 1998 నాటి ఎక్స్‌ఎంఎల్ ప్రమాణం గుర్తింపు పేర్లలో అనుమతించిన అక్షరాల జాబితాలో తెలుగు అక్షరాలు ఉన్నాయి. అంటే ‘పద్యం’, ‘పాదం’, ‘పాఠభేదం’ అన్న మాటలనే గుర్తింపులుగా వాడి, ఒక కావ్య పరిష్కరణను తెలుగులోనే నిర్మించుకోవడానికి మొదటి రోజు నుంచే వీలుంది.

సాధారణ కంప్యూటర్లలో మాత్రం ఆ వీలు ఆలస్యంగా వచ్చింది. గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు 2001లో విండోస్ ఎక్స్‌పీతో అందింది. అప్పటికే తెలుగు పత్రికలు, ముద్రణశాలలు, డీటీపీ కేంద్రాలు తమ తమ ఫాంటు సంకేతాలలో స్థిరపడ్డాయి. ఈ సంకేతాలలో తెలుగు అక్షరం అక్షరంగా నిల్వ కాదు. రోమన్ అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కల బొమ్మలను కూర్చి కంటికి తెలుగుగా చూపుతారు. ఆ ఫాంటు తొలగితే మిగిలేది అర్థంలేని రోమన్ అక్షరాల వరుస. పాఠం రూపానికి పూర్తిగా బందీ అయిన స్థితి ఇది. కొకూన్ వంటి వ్యవస్థలు ఏ దోషాన్ని తొలగించడానికి పుట్టాయో, దాని తీవ్రరూపమిది.

పరిశోధన గ్రంథాలపై దీని ప్రభావం స్పష్టం. ఫాంటు సంకేతంలో టైపు చేసి పీడీఎఫ్‌గా మార్చిన తెలుగు గ్రంథాన్ని భాండాగారం భద్రపరుస్తుంది, చూపుతుంది. అందులోని మాటను వెదకలేదు. పుటలను ఛాయాచిత్రాలుగా తీసి చేర్చిన గ్రంథాలదీ ఇదే పరిస్థితి. ఇటువంటి గ్రంథాలలో శీర్షిక, పరిశోధకుని పేరు, విభాగం వంటి వివరాలు మాత్రమే శోధనకు లొంగుతాయి. ఆ శీర్షికను రోమన్ లిపిలో తోచిన తీరున రాసినప్పుడు ఆ దారి కూడా మూసుకుపోతుంది. ఒక జానపద గేయం మీదనో, ఒక మాండలిక పదం మీదనో ముందు తరం పరిశోధకుడు సేకరించిన సమాచారం అదే భాండాగారంలో ఉన్నప్పటికీ, తరువాతి పరిశోధకుడికి దొరకకపోవచ్చు. పునరుక్తి పరిశోధనలకు ఇది కూడా ఒక కారణమయ్యే అవకాశం ఉంది.

ఈ లోపాన్ని సాఫ్ట్‌వేర్‌కు ఆపాదించడం సరికాదు. జావా, ఎక్స్‌ఎంఎల్, డిస్పేస్ మూడూ యూనికోడ్ తెలుగును స్వీకరించగలవు. లోపం సమర్పించే ప్రతిలో ఉంది. పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్‌లో ఉన్న మూలపాఠాన్ని కూడా సమర్పించాలన్న నియమం, శీర్షికను తెలుగు లిపిలో నమోదు చేయాలన్న నియమం ఈ స్థితిని చాలావరకు మార్చగలవు. ఇవి విభాగ స్థాయిలోనే అమలు చేయదగిన మార్పులు.

10. ముగింపు

ఈ పరిశీలన వల్ల మూడు అంశాలు తేటపడుతున్నాయి. ఒకటి: 1998–2008 మధ్య జావా, ఎక్స్‌ఎంఎల్ ఆధారంగా వచ్చిన వ్యవస్థలు పాఠాన్నీ రూపాన్నీ వేరుచేసే సూత్రాన్ని ఆచరణసాధ్యమని నిరూపించాయి. రెండు: ఆ వ్యవస్థలలో కొన్ని వ్యయం, జటిలత్వం, పునాదుల అస్థిరత వల్ల విరమణ పొందినా, వాటిలో ఎక్స్‌ఎంఎల్‌గా నిల్వచేసిన పాఠం వాటితోపాటు నశించవలసిన అగత్యం లేదు. బహిరంగ ప్రమాణంలో ఉన్నందున ఏ ఇతర సాధనమైనా దాన్ని చదవగలదు. మూడు: సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ అయినంత మాత్రాన అందులో ఉంచిన పాఠం స్వేచ్ఛ పొందదు. పాఠం కూడా బహిరంగ సంకేతంలో ఉండాలి.

బ్రౌన్ పండితుల బృందం ఏనాడో చెదిరిపోయింది. వారు వాడిన కలాలు, సిరాబుడ్లు లేవు. వారు రాసిన సాపుప్రతులను మాత్రం అక్షరం తెలిసిన ప్రతివారూ నేటికీ చదవగలరు. కొకూన్, లెన్యాల చరిత్ర బోధించేది కూడా దాదాపు ఇదే. సాధనాలు మారుతూనే ఉంటాయి. నేడు సమర్పితమవుతున్న తెలుగు పరిశోధన గ్రంథాన్ని యాభై ఏళ్ల తరువాతి పరిశోధకుడు చదవగలడా, అందులోని మాటను వెదకగలడా అన్నది ఆనాటి సాఫ్ట్‌వేర్ కంటే నేటి ప్రతిలోని అక్షర సంకేతంపైనే ఎక్కువగా ఆధారపడి ఉంది.